చిప్స్ దొంగతో సంధి

2025లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ జూ ఒక ఉద్యోగ ప్రకటన వేసింది. పెద్ద పక్షి వేషం తొడుక్కుని జూ అంతా కలియదిరగాలి. సందర్శకుల చేతుల్లోంచి తినుబండారాలు ఎత్తుకుపోయే సీగల్స్‌ను బెదరగొట్టాలి. ఇదీ పని. ప్రకటన చూసి జనం నవ్వుకున్నారు, దరఖాస్తులు మాత్రం వెల్లువెత్తాయి. సింహాలనూ ఏనుగులనూ సాకేవాళ్ళు కిలో బరువుండే తెల్లపక్షి ముందు చేతులెత్తేసి వేషాలు కట్టాల్సి వచ్చిందన్నమాట.

ఇది జూకు మాత్రమే ఉన్న తిప్పలు కాదు. బ్రిటన్ సముద్రతీర పట్టణాల్లో ఎండాకాలం వచ్చిందంటే సీగల్ గొడవ మొదలవుతుంది. తెల్లవారక ముందే కప్పుల మీద అరుపులు, కార్ల మీద రెట్టలు, చించి పోసిన చెత్త సంచులు, బీచిలో పిల్లల చేతుల్లోంచి మాయమయ్యే ఐస్‌క్రీములు. 2015లో కార్న్‌వాల్ ప్రాంతంలో ఒక చిన్న కుక్కనూ, ఒక పెంపుడు తాబేలునూ సీగల్స్ పొడిచి చంపాయన్న వార్త గుప్పుమన్నప్పుడు, ఈ విషయం మీద దేశంలో పెద్ద చర్చే జరగాలని నాటి ప్రధాని డేవిడ్ కామెరాన్ అన్నారు. చిత్రమేమంటే, అదే ఏడాది మార్చి బడ్జెట్‌లో పట్టణ సీగల్స్ మీద పరిశోధనకు కేటాయించిన రెండున్నర లక్షల పౌండ్లను ఎన్నికలయ్యాక ప్రభుత్వమే రద్దు చేసింది.

తుపాకీ తీయమనేవాళ్ళు ఒకవైపు, జాలిపడి రొట్టెముక్కలు విసిరేవాళ్ళు మరోవైపు. సమస్యను పెంచేది ఇద్దరూ. ఈ ఇద్దరికీ మధ్య, గత కొన్నేళ్ళుగా జరిగిన పరిశోధనలు ఒక దారి చూపిస్తున్నాయి. సీగల్ చేసే ప్రతి పనిలోనూ లాభనష్టాల బేరీజు ఉంటుంది. ఎక్కడ తిండి సులువుగా దొరుకుతుంది, ఎక్కడ ప్రమాదం తక్కువ అని అది చూసుకుంటుంది. ఆ లెక్కను మార్చగలిగితే, దాని ప్రాణం తీయనక్కర లేదు.

ఎవరీ దొంగ?

బ్రిటన్ పట్టణాల్లో రభస చేసేవి ముఖ్యంగా రెండు జాతులు. బూడిదరంగు వీపు, గులాబిరంగు కాళ్ళు, పసుపు ముక్కు కొసన ఎర్రచుక్క ఉండేది హెరింగ్ గల్. ముదురు రంగు వీపు, పసుపు కాళ్ళు ఉండేది లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ గల్. హెరింగ్ గల్ రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 1.4 మీటర్లు ఉంటుంది. నాలుగేళ్ళకు ఈడుకు వస్తుంది. ముప్ఫై ఏళ్ళు దాటి బతికిన పక్షులూ ఉన్నాయి. ఒకసారి గూడు కుదిరిన చోటికే ఏటేటా తిరిగి వస్తుంది.

ఆ ఎర్రచుక్కకు పెద్ద చరిత్రే ఉంది. పిల్ల ఆకలేసినప్పుడు తల్లి ముక్కు మీది ఆ చుక్కను పొడుస్తుంది, తల్లి తిన్నది కక్కి పెడుతుంది. ఈ చిన్న సంకేతాన్ని అట్టముక్కలతో చేసిన నమూనా ముక్కుల సాయంతో పరీక్షించి, జంతు ప్రవర్తనా శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరు నికో టిన్‌బర్గెన్. 1973లో కోన్‌రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ రోజు చిప్స్ దొంగగా పేరుమోసిన పక్షి, ఒకప్పుడు శాస్త్రానికి పాఠాలు చెప్పిన పక్షే.

దొంగతనం దానికి పట్నం నేర్పిన విద్యేమీ కాదు. కొండచరియల మీద బతికే రోజుల్లోనూ, పిల్లల కోసం పఫిన్ పక్షి తెచ్చుకునే చేపను దారికాచి లాక్కోవడం సీగల్స్‌కు అలవాటే. ఆలిచిప్పను పైకి తీసుకుపోయి రాళ్ళ మీద పడేసి పగలగొట్టుకుంటుంది. గడ్డి మీద నిలబడి కాళ్ళతో తపతపా తొక్కి వానపాములను పైకి రప్పిస్తుంది. చేప, పీత, పురుగు, గుడ్డు, కళేబరం, ఎలుక, ఏదైనా తింటుంది. ఇన్ని విద్యలున్న ప్రాణికి మనిషి చేతిలో ఉన్న పొట్లం మరొక చిప్ప మాత్రమే.

అయితే ఊళ్ళో ఎక్కడ చూసినా కనిపించే ఈ హెరింగ్ గల్, బ్రిటన్ పక్షుల ఎర్రజాబితాలో ఉంది. అంటే సంరక్షణ విషయంలో అత్యంత ఆందోళన కలిగించే జాతుల్లో ఒకటి. తీరాల్లో, దీవుల్లో, సహజమైన చోట్ల దాని సంఖ్య బాగా పడిపోయింది. ఇటీవలి ఏళ్ళలో బర్డ్ ఫ్లూ కూడా సముద్రపక్షులను గట్టిగా దెబ్బతీసింది. పట్నంలో ఎక్కువైనట్టు కనిపిస్తున్న పక్షి, దేశం మొత్తం మీద తగ్గిపోతున్న పక్షి.

కప్పు ఎక్కిన కథ

సముద్రపు పక్షి ఇళ్ళ మీదికి ఎందుకు వచ్చింది? పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి 1956 నాటి ఒక చట్టం. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన విషపు పొగమంచు వేలమందిని పొట్టన పెట్టుకుంది. దాని పర్యవసానంగా వచ్చిన స్వచ్ఛ వాయు చట్టం తరువాత, ఊరి చెత్తను బయట తగలబెట్టే అలవాటు తగ్గి, గోతుల్లో పూడ్చడం పెరిగింది. కాలి బూడిదయ్యే ఎంగిలి మెతుకులు ఇప్పుడు గుట్టలుగా పడివుండసాగాయి. సీగల్స్‌కు అంతకంటే ఏం కావాలి? ఇరవయ్యో శతాబ్దం రెండో భాగంలో వాటి సంతతి బాగా పెరిగింది. తీరంలోని దీవుల్లో గూళ్ళకు చోటు చాలక, కొత్త జంటలు ఊళ్ళ వైపు చూపు సారించాయి.

ఆకాశంలోంచి చూసే పక్షి కంటికి ఫ్యాక్టరీ కప్పు కూడా ఒక దీవే. చుట్టూ నిట్టనిలువు గోడలు, పైన చదునైన నేల. నక్క ఎక్కలేదు, మనిషి ఏడాదికోసారైనా రాడు. పొగగొట్టాల మధ్య గాలి తగలని మూలలుంటాయి. పట్నం చుట్టుపక్కల పొలాల కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. వీధిదీపాల వెలుగులో రాత్రిపూట కూడా మేత వెతుక్కోవచ్చు. బ్రిస్టల్ నగరంలో ఈ పక్షులు 1970ల మొదట్లో కప్పుల మీద కాపురం పెట్టాయి. అక్కడ 1980 నుంచి దశాబ్దాల తరబడి సీగల్ పిల్లల కాళ్ళకు రంగు రింగులు తొడిగి, ఏ పక్షి ఎక్కడ పుట్టి ఎక్కడ గూడు కడుతోందో నమోదు చేసిన పీటర్ రాక్ అనే పరిశోధకుడు, పట్టణ సీగల్స్ గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగాన్ని అందించారు. కప్పు మీద పుట్టిన పిల్లకు కప్పే పుట్టినూరు. అది కొండకు తిరిగి వెళ్ళాలని మనం ఎదురుచూస్తే జరిగేది కాదు.

మనిషిని చదివే పక్షి

బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన అనూక్ స్పెల్ట్, ఆమె సహచరులు 12 లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ గల్స్ వీపులకు చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి వదిలారు. వాటి దినచర్య చూస్తే ముచ్చటేస్తుంది. బడి దగ్గరికి సరిగ్గా పిల్లల విరామ సమయానికి వస్తున్నాయి. చెత్త కేంద్రం తెరిచే వేళలు వాటికి తెలుసు. సెలవు రోజుల్లో అక్కడ వాటి జాడ తక్కువ. పార్కుకు మాత్రం తెల్లవారుజామున, నేల తడిగా ఉండి వానపాములు పైకి వచ్చే వేళకు వెళుతున్నాయి. మనుషుల గడియారం పార్కులో పనికిరాదని కూడా వాటికి తెలుసన్నమాట.

తిండి ఎక్కడుందో కనిపెట్టడానికి అవి మనిషినే గుర్తుగా వాడుకుంటాయి. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో మాడలిన్ గూమస్, నీల్చె బోగర్ట్, వారి బృందం 2020లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకేలాంటి రెండు ఓట్స్ బిళ్ళలను నేలమీద పెట్టి, ఒకదాన్ని మాత్రం చేత్తో తీసి కాసేపు పట్టుకుని మళ్ళీ పెట్టారు. పొడవడానికి ముందుకొచ్చిన 24 పక్షుల్లో 19 మనిషి ముట్టుకున్న బిళ్ళనే ఎంచుకున్నాయి. 2023లో ససెక్స్ విశ్వవిద్యాలయం వారు బ్రైటన్ బీచిలో ఇంకో అడుగు ముందుకేశారు. నేలమీద నీలం, ఆకుపచ్చ రంగుల చిప్స్ ప్యాకెట్లు పెట్టి, కొంచెం దూరంలో కూర్చుని వాటిలో ఒక రంగు ప్యాకెట్ తీసి తినసాగారు. పక్షుల ముక్కుపోట్లలో దాదాపు 95 శాతం ఆ మనిషి తింటున్న రంగు ప్యాకెట్ మీదే పడ్డాయి. మనం తినేదే మంచి తిండి అని అవి మనల్ని చూసి నేర్చుకుంటున్నాయి.

ఇక మన చూపు సంగతి. 2019లో గూమస్ బృందం ఒక సంచిలో చిప్స్ పోసి నేలమీద పెట్టి, సీగల్ ఎంతసేపటికి వచ్చి ముడుతుందో లెక్క కట్టింది. ఒకసారి దాని వంకే చూస్తూ, ఇంకోసారి మొహం పక్కకు తిప్పుకుని. కళ్ళలోకి చూస్తున్నప్పుడు పక్షి సగటున 21 సెకన్లు ఎక్కువ తటపటాయించింది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. వాళ్ళు 74 పక్షులతో ప్రయత్నిస్తే సంచి దాకా వచ్చినవి 27 మాత్రమే. రెండు పరీక్షలూ పూర్తి చేసినవి 19. అంటే మనుషుల దగ్గర లాక్కోవడానికి తెగించేవి కొన్నే. ఊరి సీగల్స్ అన్నిటికీ దొంగలని ముద్ర వేస్తున్నాం గానీ, చాలావాటికి మనమంటే భయమే. మేడ మీద వడియాలు ఎండబెట్టి కాపలా కూర్చున్న అమ్మమ్మ కాస్త కునుకు తీసేదాకా ఆగే కాకిలాంటివే ఇవీ.

చంపితే పోతుందా?

బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం సీగల్‌ను చంపడం, గాయపరచడం, వాడుకలో ఉన్న గూటినో గుడ్లనో నాశనం చేయడం నేరం. ఇంగ్లండ్‌లో ఆరు నెలల దాకా జైలు, పరిమితి లేని జరిమానా పడవచ్చు. ప్రజారోగ్యానికో భద్రతకో నిజంగా ముప్పు ఉందని రుజువు చేసి, మిగతా మార్గాలన్నీ ప్రయత్నించి విఫలమయ్యామని చూపిస్తేనే అనుమతి దొరుకుతుంది. ఇంతకుముందు ఇంగ్లండ్‌లో సాధారణ అనుమతి పత్రాల కింద కొంత వెసులుబాటు ఉండేది. 2020 నుంచి ఈ రెండు జాతులకూ దాన్ని తీసేసి, ఎవరికి వారు విడిగా దరఖాస్తు చేసుకోవాలన్నారు.

చట్టం సంగతి అలా ఉంచి, చంపడం పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. స్కాట్లండ్‌లోని ఫర్త్ ఆఫ్ ఫోర్త్ జలాల్లో మే అనే దీవి ఉంది. అక్కడ నాజూకైన టెర్న్ పక్షులను కాపాడటానికని 1972 నుంచి హెరింగ్ గల్స్‌ను వేలకొద్దీ చంపారు. సంఖ్య తగ్గిన మాట నిజమే. కానీ ఆ దీవి మీద పనిచేసిన జాన్ కూల్సన్, ఆయన సహచరులు గమనించిన మార్పులు ఆలోచింపజేస్తాయి. పోటీ తగ్గడంతో మిగిలిన పక్షులు మునుపటి కంటే చిన్న వయసులోనే గుడ్లు పెట్టసాగాయి. గుడ్లు పెద్దవయ్యాయి. పక్షులూ బలిశాయి. ఖాళీ ఏర్పడితే నింపడానికి ప్రకృతి తొందరపడుతుంది.

మనుషులు లేని దీవిలోనే ఏళ్ళ తరబడి చంపుతూ పోతే వచ్చిన ఫలితం అది. పట్నంలో ఆ పని చేయలేం. ఇళ్ళ మధ్య తుపాకులు పేల్చలేం, విషం పెడితే పిల్లులూ కుక్కలూ తింటాయి. పోనీ ఒక కప్పు మీది జంటను ఎలాగో తొలగించినా, చెత్త సంచి అక్కడే ఉంది, కప్పు అక్కడే ఉంది. చోటు కోసం తిరుగుతున్న కుర్రజంట వచ్చే ఏడు అదే మూలలో గూడు కడుతుంది.

గుడ్డు పిల్ల కాకముందే

సీగల్స్ మనుషుల మీదికి దూకడంలో రెండు రకాలున్నాయి. ఒకటి తిండి కోసం. అది ఏడాది పొడవునా ఉంటుంది, నిశ్శబ్దంగా వెనక నుంచి వస్తుంది. రెండోది పిల్లల కోసం. అది మే నెలాఖరు నుంచి జులై దాకా, అరుస్తూ, తలకు దగ్గరగా దూసుకువస్తుంది. మందు రెండింటికీ ఒకటి కాదు.

ఈ జంటలు మార్చి, ఏప్రిల్‌లలో గూడు పేరుస్తాయి. ఏప్రిల్ చివర నుంచి సాధారణంగా మూడు గుడ్లు పెడతాయి. నాలుగు వారాల పొదుగు, తరువాత ఎగరడానికి ఐదారు వారాలు. సరిగా ఎగరడం రాని పిల్ల కప్పు మీద నుంచి జారి వీధిలో పడిందంటే అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది. దాని దగ్గరగా నడిచే ప్రతి మనిషీ శత్రువే. ముందు గట్టిగా కూతలు, తరువాత తల మీదుగా దూకుడు, రెట్టలు వేయడం, వాంతి చేయడం. అప్పటికీ కదలకపోతేనే కాలితోనో ముక్కుతోనో తగలడం. బిడ్డ రెక్క విచ్చుకోగానే ఆ కోపం చల్లారుతుంది.

పిల్లలే లేకపోతే ఈ రెండో రకం దాడి ఉండదు. అందుకే అనుమతి పొందిన పనివాళ్ళు గుడ్లు పెట్టిన కొత్తలోనే వాటి పెంకుకు ద్రవ పారఫిన్ నూనె పూస్తారు. పెంకులోని సన్నని రంధ్రాలు మూసుకుపోయి, లోపలికి గాలి అందక, పిండం ఎదగదు. లేదా అసలు గుడ్లు తీసి, అదే రంగు, బరువు ఉన్న నకిలీ గుడ్లు పెడతారు. గుడ్లు ఊరికే ఎత్తుకుపోతే ఆ జంట కొద్ది రోజుల్లో మళ్ళీ పెడుతుంది. ఇలా చేస్తే నమ్మకంగా వాటి మీదే కూర్చుంటుంది. అవి పిల్లలు కావని తెలిసేసరికి మళ్ళీ పెట్టే కాలం దాటిపోతుంది. మేత కోసం నోళ్ళు తెరిచే పిల్లలు లేవు కనుక తల్లిదండ్రుల ఆత్రమూ తగ్గుతుంది, వీధికి శాంతి దొరుకుతుంది.

దీనికి పరిమితులూ ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు బతకగల పక్షికి ఒక ఏడాది సంతానం లేకపోతే ఊళ్ళో సంఖ్య ఏమీ తగ్గదు. ఏటేటా చేయాలి, వీధి మొత్తం చేయాలి. సురక్షితంగా కప్పు ఎక్కడానికి క్రేన్లు, పనివాళ్ళు కావాలి. పైగా ఎర్రజాబితాలోని జాతి విషయంలో, అన్నిచోట్లా ఇదే చేస్తూపోతే చివరకు మిగిలేదేమిటన్న ప్రశ్న ఉండనే ఉంది. కనుక ఇది బడి, ఆసుపత్రి, వృద్ధాశ్రమం వంటి చోట్లకు సరిపోయే మార్గం.

అంతకంటే నికరమైనది గూడే కట్టనివ్వకపోవడం. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి కప్పులు ఖాళీ అవుతాయి. వాడుకలో లేని పాత గూళ్ళను అప్పుడు తీసేయవచ్చు. దానికి అనుమతి అక్కర లేదు. పొగగొట్టాల పక్కన వాలు పలకలు బిగించడం, చదును కప్పు మీద వరసగా తీగలు లాగడం, వల కట్టడం, ఇవన్నీ ఫిబ్రవరి లోగా పూర్తికావాలి. వల విషయంలో జాగ్రత్త కావాలి. వదులుగా కట్టినా, చిరిగాక చూడకపోయినా పక్షులు దానిలో చిక్కుకుని రోజుల తరబడి గిలగిలలాడి చస్తాయి. వల కట్టడం ఒకనాటి పని కాదు, దాన్ని ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండటం కూడా అందులో భాగమే.

ఇనప ముళ్ళ సంగతి చెప్పనే అక్కర లేదు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో దొరికిన మ్యాగ్‌పై పక్షి గూటిలో పక్షులను తరమడానికి బిగించిన ముళ్ళే దాదాపు 1,500 ఉన్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఔకె ఫ్లోరియన్ హీమ్‌స్ట్రా బృందం 2023లో ఈ సంగతి బయటపెట్టింది. ఆ పక్షి ముళ్ళను పీకి తెచ్చి తన గూటికే కంచె వేసుకుంది! ప్లాస్టిక్ గుడ్లగూబలది కూడా ఇదే కథ. కదలని గుడ్లగూబ కరవదని సీగల్ కొద్ది రోజుల్లోనే గ్రహించి దాని నెత్తి మీదే వాలుతుంది. శిక్షణ పొందిన డేగలను తిప్పితే అవి ఉన్నంతసేపు పక్షులు చెదిరిపోతాయి. చాలాసార్లు పక్క వీధికి. భయం నిజమైనదిగా, మారుతూ ఉన్నంత కాలమే పనిచేస్తుంది.

అసలు కీలకం చెత్తబుట్టలో

అన్ని ఉపాయాల్లోకీ చవకైనది, మనసుకు భారం కానిది, పక్షికి తిండి దొరకకుండా చూడటం. అన్నిటికంటే కష్టమైనదీ అదే. ఎందుకంటే మారవలసింది పక్షి కాదు.

ఇంగ్లండ్‌లోని బాత్ పాతకాలపు రాతి భవనాల నగరం. సన్నటి వీధులు, ఇంటి ముందు చెత్తడబ్బాకు చోటుండదు. నల్లటి ప్లాస్టిక్ సంచులు గుమ్మం ముందు పెడితే తెల్లారేసరికి సీగల్స్ వాటిని చించి వీధంతా పరిచేవి. నగరపాలక సంస్థ ముక్కుతో చించడానికి వీలుకాని, మళ్ళీ మళ్ళీ వాడుకునే మందపాటి సంచులను ఇళ్ళకు ఇచ్చింది. ఇటలీలో వెనిస్ కూడా గుమ్మాల ముందు చెత్త వదిలే పద్ధతి మాన్పించి, మనుషుల చేతికో, పడవల దగ్గరికో నేరుగా అప్పగించే ఏర్పాటు చేసింది. ఆ తరువాత చారిత్రక నగర భాగంలో సీగల్స్ తగ్గడం కనిపించిందని అక్కడి పరిశోధకులు రాశారు. అదే వెనిస్‌లో 2021లో గ్రిట్టి ప్యాలెస్ హోటల్ తన అతిథులకు నారింజరంగు నీటి పిస్తోళ్ళు ఇచ్చింది. పత్రికలకు ఎక్కింది ఈ పిస్తోలే. ఫలితం ఇచ్చింది మాత్రం చెత్త సేకరణ పద్ధతి మార్చడం.

మేత పెట్టేవాళ్ళ మీద జరిమానాలు వేసిన ఊళ్ళూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని తూర్పు డెవన్ ప్రాంతం 2017లో బీచిల్లో సీగల్స్‌కు తిండి పెట్టడాన్ని నిషేధించింది. కఠినంగా అనిపించవచ్చు. కానీ ఒకరు ప్రేమతో విసిరిన చిప్స్ ముక్కతో పక్షి నేర్చుకున్న పాఠాన్ని, మర్నాడు ఇంకొకరి పిల్లవాడి చేతి మీద ప్రయోగిస్తుంది. అబెర్డీన్‌లో 2007లో ఒక సీగల్ రోజూ దుకాణంలోకి నడిచివచ్చి చిప్స్ ప్యాకెట్ ముక్కున కరచుకుపోయేది. జనం దానికి శామ్ అని పేరు పెట్టి, దాని బాకీ కూడా చెల్లించారు. సరదా కథే. పక్షికి అర్థమైంది మాత్రం, ఈ పని చేస్తే నష్టమేమీ లేదని.

ఎదురుపడితే ఏం చేయాలి?

ఈ ప్రయోగాల సారమంతా బీచిలో కూర్చున్న మనిషికి కొన్ని చిన్న పనులుగా మారుతుంది. బ్రైటన్‌లోనో అబెర్డీన్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలకూ ఇవి పనికొస్తాయి.

తినేటప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చోవాలి. సీగల్ వెనక నుంచి రావడానికే ఇష్టపడుతుంది. చుట్టూ ఓ కన్నేసి ఉంచాలి. దగ్గరికి వచ్చేదాని కళ్ళలోకి సూటిగా చూడాలి. పొట్లం చేత్తో మూసి, ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. అప్పటికీ కదలకపోతే ఒక్క కేక వేయాలి. ఎక్సెటర్ పరిశోధకులే 2025లో కార్న్‌వాల్‌లోని 9 తీర పట్టణాల్లో 61 సీగల్స్ మీద దీన్ని పరీక్షించారు. చిప్స్ పెట్టిన డబ్బా పక్కన స్పీకర్ ఉంచి, ఒకసారి మగగొంతుతో అరిచిన మాటలు, ఒకసారి అవే మాటలు మామూలుగా, ఒకసారి రాబిన్ పిట్ట పాట వినిపించారు. ధ్వని తీవ్రత మూడింటికీ ఒకటే. కేక విన్నవాటిలో దాదాపు సగం నిమిషంలోపే ఎగిరిపోయాయి. మామూలు మాట విన్నవాటిలో ఎగిరినవి 15 శాతమే; మిగతావి మెల్లగా నడుచుకుంటూ జరిగాయి. పిట్టపాట విన్నవాటిలో ఎక్కువ భాగం డబ్బా దగ్గరే ఉండిపోయాయి. గొంతు ఎంత పెద్దదన్నదే కాదు, అందులో కోపం ఉందా లేదా అన్నది కూడా పక్షి పసిగడుతోంది.

పక్షులకు పిల్లలున్న కాలంలో మాత్రం తగాదాకు దిగకూడదు. గొడుగు విప్పి పట్టుకోవాలి, లేదా చెయ్యి తలపైకి ఎత్తి ఆగకుండా నడిచిపోవాలి. నేలమీద బూడిదరంగు పిల్ల కనిపిస్తే, గాయాలు లేకుంటే, రోడ్డు మధ్యలో లేకుంటే, అక్కడే వదిలేయాలి. తల్లిదండ్రులు పై నుంచి చూస్తూనే ఉంటాయి, మేతా తెచ్చిపెడతాయి.

అందరూ దొంగలు కారు

సీగల్ కుటుంబంలోనే కిట్టివేక్ అనే నాజూకైన పక్షి ఉంది. చిప్స్ వంక చూడదు. సముద్రంలో చేపలు పట్టుకుని తింటుంది. ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న జాతిగా 2017లో గుర్తింపు పొందింది. ఇంగ్లండ్ ఈశాన్యాన న్యూకాసిల్, గేట్స్‌హెడ్ నగరాల మధ్య టైన్ నది వంతెన మీద, సముద్రానికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో, ఇవి వందల జంటలుగా గూళ్ళు కడతాయి. సముద్రానికి ఇంత దూరంగా ఇవి గూళ్ళు పెట్టే చోటు ప్రపంచంలో మరొకటి లేదంటారు. వాటి రెట్టలు, అరుపులు అక్కడి హోటళ్ళవారికి విసుగే. అయినా ఊరు వేరే దారి వెతికింది. నది ఒడ్డున పాత పిండిమిల్లును కళాకేంద్రంగా మార్చినప్పుడు, అక్కడి కిట్టివేక్‌ల కోసం 1998లో ఒక ప్రత్యేక గోపురమే కట్టారు. వంతెన మరమ్మతుల్లోనూ వాటి గూళ్ళ కాలాన్ని దృష్టిలో పెట్టుకుంటున్నారు. పక్షిని ఒక చోట వద్దంటే, రమ్మనే చోటు ఇంకొకటి చూపించాలన్న సూత్రం ఇందులో ఉంది.

మన కోస్తాకు ఈ గొడవ లేదు. పులికాట్‌కూ, కోరింగ మడ అడవుల వైపూ చలికాలంలో వచ్చే గోధుమరంగు తల సీగల్స్ మన దగ్గర గూళ్ళు కట్టవు. గుడ్లు పెట్టడానికి లదాఖ్, టిబెట్ సరస్సులకు వెళ్ళిపోతాయి. కానీ ఈ లెక్క మాత్రం మనకు కొత్త కాదు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో బాల్కనీ బాల్కనీకీ పావురాల వల, కింద కూడలిలో పుణ్యం కోసం పోసే జొన్నలు. తెలంగాణ పల్లెల్లో కోతుల గుంపులు పెంకులు ఎత్తేస్తుంటే, గుడి మెట్ల దగ్గర వాటికి అరటిపళ్ళు. కోతులను పట్టి ఆపరేషన్ చేసి వదిలే కేంద్రం నిర్మల్ జిల్లాలో 2020లో మొదలైంది. అది మంచిదే, కానీ అరటిపండు ఆగకుండా అది ఒక్కటే గెలవలేదు.

పక్షుల పట్ల దయ అనగానే మనకు గింజలు చల్లే చెయ్యి గుర్తొస్తుంది. పట్నంలో పక్షికీ మనిషికీ కుదిరే సంధిలో దయ పేరుతో చేయవలసినవి మరీ నీరసమైన పనులు. ఫిబ్రవరిలో నిచ్చెన వేసి కప్పు ఎక్కి తీగ బిగించడం, చెత్తడబ్బాకు మూత వేయడం, వల చిరిగిందేమో నెలకోసారి చూసుకోవడం, మిగిలిన చిప్స్ ముక్కను విసరకుండా బుట్టలో వేయడం. వీధిలో పదిళ్ళు ఈ పని చేసి పదకొండో ఇల్లు చేయకపోతే పక్షికి ఆ ఒక్క ఇల్లు చాలు. అందుకే ఇది ఒక్కొక్కరి మంచితనానికి వదిలే విషయం కాదు. చెత్తబండి వచ్చే వేళ, సంచి మందం, కప్పు వాలు తేల్చే పురపాలక కార్యాలయం పని. ఆ పని ఫిబ్రవరిలో జరిగిన ఊళ్ళో జూన్‌లో తుపాకీ అడిగేవాళ్ళు తగ్గుతారు.